గాంభీర్యము: ఆరు ఆంగ్లపదములు

మన పిల్లలు ఇంట తెలుగును, వీధిలో ప్రాంతీయభాషను, తరగతిలో ఆంగ్లమును ఎదుర్కొనుచున్నారు. వీరిలో సీరియస్, గ్రేవ్, సాలెమ్న్, సోబర్, సెడేట్, స్టెయిడ్ అను ఆరు మాటలకును ‘గంభీరమైన’ అను ఒకే అర్థము వ్రాసికొని వల్లించువారు పెక్కురు. ఈ మాటలు ఒక కుటుంబములోనివే. కాని ఒకదాని పని వేఱొకటి చేయజాలదు.

వీనిలో సీరియస్ విశాలమైనది. పరిహాసమునకు తగని ప్రతి విషయమునకును, అది చదువైనను, వ్యాధియైనను, ఈ మాట చెల్లును. మన వాడుకలో ‘ఆయన సీరియస్ అయినాడు’ అనగా కోపించెనని అర్థము. ఆంగ్లమున ఈ మాటకు కోపముతో పని లేదు.

గ్రేవ్ అనునది బరువును తెలుపు లాటిన్ పదమునుండి వచ్చినది. సంస్కృతములోని ‘గురు’ శబ్దము దానికి జ్ఞాతి. ప్రమాదమో, గొప్ప బాధ్యతయో మీద పడినప్పటి భారము ఇందు కలదు. సమాధియను అర్థముగల గ్రేవ్ అక్షరములలో ఇట్టిదే యైనను పుట్టుకచే వేఱు.

సాలెమ్న్ అను మాట క్రతువులకు, ప్రమాణములకు సంబంధించినది. మన రాజ్యాంగములోని ప్రమాణపాఠమున, దైవనామము పలుకనొల్లనివారికై ‘సాలెమ్న్‌లీ అఫర్మ్’ అను మాటలు ఉన్నవి.

సోబర్ అనగా మొదట మద్యపు మత్తు లేనివాడు. పిమ్మట ఏ ఆవేశమునకును లొంగని వివేకి యను అర్థము కలిగినది. ఉపాధ్యాయులు మీ బిడ్డను సోబర్ అని వ్రాసినచో కలవరపడకుడు, అది ప్రశంసయే.

సెడేట్ అనునది శాంతపఱచుట యను అర్థముగల లాటిన్ ధాతువునుండి పుట్టినది. తొందరపాటు లేని నడవడిని ఇది తెలుపును. స్టెయిడ్ ‘నిలుచుట’ను తెలుపు స్టే యను క్రియనుండి ఏర్పడినది. మార్పును, ఉల్లాసమును ఎఱుగని బిగువు ఇందు ధ్వనించును. కనుక పదేండ్ల బాలుని స్టెయిడ్ అనుట మెప్పు కాదు.

ఇట్టి భేదములు మనకు క్రొత్తవి కావు. నిదానము, నిబ్బరము, నెమ్మది, పెద్దఱికము, గాంభీర్యము: వీనిని మన పెద్దలు ఎన్నడును కలగాపులగము చేయలేదు. ‘నిండుకుండ తొణకదు’ అను సామెత తెలిసిన బాలికకు సెడేట్ అను మాటను బోధించుట ఎంత సులభము! ఇంట తెలుగు ఎండిపోయిన బిడ్డకు ఆరు మాటలును ఒకటిగనే తోచును.

కావున ఆంగ్లము రాని తల్లియు ఈ పాఠమున తోడ్పడగలదు. బిడ్డ క్రొత్త మాటను వల్లించునపుడు, ‘దీనిని ఎవరిని గూర్చి, ఏ సమయమున అందురు? మన మాటలలో దీనికి దగ్గఱిది ఏది?’ అని అడిగిన చాలును. సమాధానము వెదకుటలో బిడ్డకు రెండు భాషలును అలవడును.