ఓడిన తీర్పే... చివరికి గెలిచింది!

అర్ధరాత్రి పోలీసులు తలుపు కొడితే 'ఎందుకు?' అని అడిగే హక్కు మామూలు మనిషికి ఉందా? ఉందని అరవై ఏళ్ల కిందటే గట్టిగా చెప్పిన న్యాయమూర్తి మన తెలుగువాడు. ఆరోజు ఆయన మాట నెగ్గలేదు. నెగ్గడానికి దాదాపు యాభై అయిదేళ్లు పట్టింది.

పల్నాడులో 'షీటు' అంటే ఏంటో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మాచర్ల, గురజాల వైపు ఊళ్లలో ఎన్నికలొస్తున్నాయంటే చాలు... జాబితాలో పేరున్నవాళ్లకు స్టేషన్ నుంచి కబురొస్తుంది. బైండోవర్లు మొదలవుతాయి. కక్షలు చూసిన నేల కాబట్టి పోలీసుల జాగ్రత్త పోలీసులది. మరి ఏ నేరమూ రుజువుకాని మనిషి పేరు కూడా అందులో ఉండిపోతే?

సరిగ్గా అలాంటి కష్టంతోనే ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్ సుప్రీంకోర్టు మెట్లెక్కాడు. 1941లో దోపిడీ కేసులో అతణ్ని పట్టుకున్నారు. సాక్ష్యం లేక వదిలేశారు. కానీ హిస్టరీ షీటు తెరిచారు. అప్పట్నుంచీ పోలీసులు రాత్రిళ్లు ఇంటికొచ్చి నిద్రలేపేవారు. ఊరు దాటాలంటే చౌకీదారుకు చెప్పాలి. వెళ్లినచోటా నిఘానే!

1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. రాత్రిపూట ఇళ్లకు వెళ్లడం చెల్లదని అందరూ అన్నారు. మిగతా నిఘాలో తప్పులేదనీ, గోప్యత అనేది రాజ్యాంగం ఇచ్చిన హక్కే కాదనీ నలుగురు తేల్చారు. ఇద్దరు ఒప్పుకోలేదు. జస్టిస్ జె.సి.షా తరఫున కూడా ఆ అసమ్మతి తీర్పు రాసింది... జస్టిస్ కోకా సుబ్బారావు.

గుంటూరు కోర్టు నుంచి...

సుబ్బారావు 1902లో రాజమండ్రిలో పుట్టారు. తొలిరోజుల్లో కొన్ని నెలలు బాపట్లలో జిల్లా మున్సిఫ్‌గా పనిచేశారు. తర్వాత మద్రాసులో న్యాయవాదిగా పేరు తెచ్చుకుని, 1948లో అక్కడే హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డాక కొత్త హైకోర్టును సిద్ధంచేసే బాధ్యత ఆయన మీదే పడింది. 1954 జులైలో గుంటూరులో ఆ కోర్టు మొదలైంది. తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. పల్నాడు అప్పుడు గుంటూరు జిల్లాలోనే ఉండేది. 1956లో హైకోర్టు హైదరాబాద్‌కు తరలేదాకా నరసరావుపేట, మాచర్ల కక్షిదారులకు అది సొంత జిల్లాలో కోర్టే! 1958లో ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు.

దేశమంతా జైలే!

కాళ్లకు సంకెళ్లు లేనంత మాత్రాన స్వేచ్ఛ ఉన్నట్టేనా? అడుగడుగునా ఎవరో గమనిస్తుంటే ఆ మనిషికి దేశమంతా జైలే కదా! ఇదీ ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావు వాదన. గోప్యత అన్న మాట రాజ్యాంగంలో లేకపోయినా వ్యక్తి స్వేచ్ఛలో అది తప్పనిసరి భాగమన్నారాయన.

1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యాకా ఆ ధోరణి మారలేదు. పాస్‌పోర్టు ఇవ్వడం ప్రభుత్వం ఇష్టంగా ఉన్న రోజుల్లో, విదేశాలకు వెళ్లడం కూడా వ్యక్తి స్వేచ్ఛేనని 1967 ఏప్రిల్ 10న సత్వంత్ సింగ్ కేసులో తీర్పు రాశారు. ఆ తర్వాతే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. ఆ మర్నాడే పదవి వదిలి, రాష్ట్రపతి పదవికి ప్రతిపక్షాల అభ్యర్థిగా పోటీచేశారు. జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. జడ్జీలకు రాజకీయాలేంటన్న విమర్శలూ మూటగట్టుకున్నారు. ఎమర్జెన్సీ నడుస్తుండగా, 1976 మేలో కన్నుమూశారు.

తొమ్మిదిమందీ ఒకటే మాట

ఆధార్ వివాదంతో పాత ప్రశ్న మళ్లీ కోర్టుకొచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ వారిలో ఒకరు. గోప్యత హక్కు కాదన్న 1962 నాటి మాటను కొట్టేశారు. సుబ్బారావు చెప్పిందే సరైనదని ఒప్పుకున్నారు. ఆ హక్కును ప్రభుత్వం కాదనాలంటే చట్టం ఉండాలి, తగిన కారణం చూపాలి, అవసరానికి మించి పోకూడదు.

2022లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు కొత్త జిల్లా అయింది. స్టేషన్లలో షీట్లు మాత్రం పోలేదు. అయితే, అందులో అన్యాయంగా పేరెక్కినవాళ్లు కోర్టుకెళితే వాళ్ల వకీలు ఇప్పుడు సుబ్బారావు మాటను ఓడిన తీర్పుగా చూపించాల్సిన పనిలేదు.