ద్విచక్ర వాహన బీమా : ప్రయాణానికి తగిన పాలసీయే కుటుంబానికి ధీమా

కర్నూలు / కడప : కర్నూలు, కడప ప్రాంతాల పల్లెల్లో మోటారు సైకిల్ ఇంటిల్లిపాదికీ వాహనం. తెల్లవారకముందే పాల క్యాన్లను కేంద్రానికి చేర్చేది అదే. పత్తి ధర కనుక్కోవడానికి ఆదోని యార్డుకు, ఉల్లి ధర కనుక్కోవడానికి కర్నూలు యార్డుకు రైతును తీసుకువెళ్ళేది అదే. ఎర్రగుంట్ల సిమెంటు కర్మాగారాలకు, బేతంచెర్ల నాపరాతి గనులకు కార్మికులు వెళ్ళేదీ, పండుగకు భార్యాబిడ్డలతో మహానందికో అహోబిలానికో ప్రయాణమయ్యేదీ దానిపైనే. ఇన్ని అవసరాలు తీర్చే వాహనానికి బీమా తీసుకునే సమయంలో మాత్రం అత్యధికులు అడిగే ప్రశ్న ఒక్కటే: "పోలీసులు ఆపితే చూపడానికి తక్కువలో ఎంత అవుతుంది?" ఆ తక్కువ ధర పాలసీ ఎవరికి రక్షణ కల్పిస్తుంది, ఎవరికి కల్పించదు అన్న విషయం ప్రమాదం జరిగిన తరువాత గాని కుటుంబానికి తెలియడం లేదు.

చట్టం కోరేది ఎంత?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 146వ సెక్షన్ ప్రకారం బహిరంగ ప్రదేశంలో తిరిగే ప్రతి మోటారు వాహనానికి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. బీమా లేకుండా వాహనం నడిపితే 2019 సవరణ అనంతరం 196వ సెక్షన్ కింద మొదటిసారి రూ.2,000 జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు శిక్ష లేదా రెండూ విధించవచ్చు. తిరిగి అదే నేరానికి జరిమానా రూ.4,000.

థర్డ్ పార్టీ ప్రీమియంను ప్రభుత్వం నిర్ణయిస్తుంది కనుక ఏ కంపెనీలోనైనా ఒకటే. 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం ఏడాదికి 75 సి.సి. వరకు రూ.538, 75 నుంచి 150 సి.సి. వరకు రూ.714, 150 నుంచి 350 సి.సి. వరకు రూ.1,366, ఆపైన రూ.2,804గా నిర్ణయించబడింది. 3 కిలోవాట్ల లోపు విద్యుత్ వాహనాలకు ఇది రూ.457. వీటిపై జి.ఎస్.టి. అదనం.

ఈ పాలసీలో మొదటి పక్షం వాహన యజమాని, రెండవ పక్షం బీమా కంపెనీ. వీరిద్దరూ కాక ప్రమాదంలో నష్టపోయిన బయటి వ్యక్తే మూడవ పక్షం. పాదచారి మరణించినా, ఎదుటి వాహనదారుడు గాయపడినా ట్రిబ్యునల్ నిర్ణయించిన పరిహారాన్ని ఎంత మొత్తమైనా కంపెనీ చెల్లిస్తుంది. ఇతరుల ఆస్తి నష్టానికి మాత్రం ద్విచక్ర వాహనాల విషయంలో రూ.1 లక్ష పరిమితి ఉంది. వాహనం నడిపే యజమానికి, ఆయన వాహనానికి ఈ పాలసీలో రక్షణ లేదు.

జాతీయ రహదారిపై ద్విచక్ర వాహన ప్రమాదం ఎంత దూరం వెళ్ళగలదో 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు వద్ద జరిగిన దుర్ఘటన చూపింది. 44వ జాతీయ రహదారిపై అప్పటికే ప్రమాదానికి గురై పడి ఉన్న మోటారు సైకిలును హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళుతున్న ప్రైవేటు బస్సు ఢీకొనగా మంటలు చెలరేగి, 19 మంది బస్సు ప్రయాణికులు మరణించారు. మోటారు సైకిల్ నడిపిన యువకుడూ మృతి చెందాడు. బాధ్యత ఎవరిదన్నది ప్రతి ప్రమాదంలోనూ దర్యాప్తు, న్యాయస్థానం తేల్చవలసిన విషయం. ఎన్ని కుటుంబాల భవిష్యత్తు పరిహారంపై ఆధారపడగలదో మాత్రం ఇటువంటి ఘటనలు స్పష్టం చేస్తున్నాయి.

వెనుక కూర్చున్న వారి పరిస్థితి

వెనుక సీటులో కూర్చున్న భార్య లేదా తల్లి కూడా 'మూడవ పక్షమే' అన్న అభిప్రాయం చాలా మందిలో ఉంది. అది సరికాదు. చట్టం కోరిన మేరకు మాత్రమే తీసుకున్న పాలసీ, ఉచితంగా వెనుక కూర్చుని ప్రయాణించే వారికి వర్తించదని సుప్రీంకోర్టు 2006లో తిలక్ సింగ్ కేసులోను, 2008లో సుధాకరన్ కేసులోను తీర్పు చెప్పింది. సమగ్ర పాలసీ, అనగా ప్యాకేజీ పాలసీ ఉన్నట్లయితే వెనుక కూర్చున్న వారి విషయంలోను కంపెనీ బాధ్యత వహించవలసి ఉంటుందని బీమా నియంత్రణ సంస్థ 2009 నవంబరులో కంపెనీలకు స్పష్టం చేసింది. 2012లో బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఆ వైఖరినే ధ్రువీకరించింది.

లారీ తప్పు వల్ల ప్రమాదం జరిగితే లారీ బీమా కంపెనీ నుంచి పరిహారం కోరవచ్చు. అయితే గేదె అడ్డం వచ్చి బండి పడిపోయినప్పుడు, గొర్రెల మందను తప్పించబోయి అదుపు తప్పినప్పుడు, చీకట్లో గుంతలో పడినప్పుడు ఎదుటి వాహనమే ఉండదు. మెట్ట ప్రాంత రహదారులపై ఎదురయ్యే ఇటువంటి ప్రమాదాల్లో కేవలం థర్డ్ పార్టీ పాలసీ ఉన్న కుటుంబానికి నడిపిన వారి విషయంలో గాని, వెనుక కూర్చున్న వారి విషయంలో గాని ఆ పాలసీ నుంచి ఏమీ అందదు.

యజమానికి రూ.15 లక్షల ప్రమాద బీమా

నడిపే యజమాని ప్రాణానికి రక్షణ కల్పించేది 'ఓనర్-డ్రైవర్' వ్యక్తిగత ప్రమాద బీమా. ద్విచక్ర వాహనదారులకు రూ.1 లక్షగా ఉన్న ఈ మొత్తాన్ని 2018 సెప్టెంబరులో రూ.15 లక్షలకు పెంచడం జరిగింది. 2019 జనవరి 1 నుంచి దీనిని వాహన పాలసీతో సంబంధం లేకుండా విడిగా కూడా తీసుకోవచ్చు. ఒకరికి రెండు వాహనాలున్నా ఒక్కటి తీసుకుంటే చాలును. మరణం లేదా శాశ్వత పూర్తి అంగవైకల్యం సంభవిస్తే పూర్తి మొత్తం, ఒక కాలు లేదా ఒక కన్ను కోల్పోతే సగం చెల్లిస్తారు.

ఇది రిజిస్టరు అయిన యజమానికి, అదీ చెల్లుబాటయ్యే లైసెన్సు ఉన్నప్పుడే వర్తిస్తుంది. పల్లెల్లో వాహనం తండ్రి పేరున ఉండి కుమారుడు నడపడం, అన్న బండిని తమ్ముడు తీసుకువెళ్ళడం సర్వసాధారణం. అటువంటప్పుడు నడిపిన వ్యక్తికి ఈ రూ.15 లక్షలు అందవు. బండిని అడిగి తీసుకున్న వ్యక్తి యజమాని స్థానంలో నిలుస్తాడని సుప్రీంకోర్టు 2009లో నింగమ్మ కేసులో పేర్కొన్నందున, ఆ బండి థర్డ్ పార్టీ పాలసీపై మూడవ పక్షంగా పరిహారం కోరడమూ కష్టమే. వాహనాన్ని ప్రధానంగా ఎవరు నడుపుతారో వారి పేరునే రిజిస్టరు చేయించుకోవడం, లేదా వారికి విడిగా వ్యక్తిగత ప్రమాద పాలసీ తీసుకోవడం ఇందుకు పరిష్కారం.

'ఐదేళ్ళ పాలసీ' అపోహ

సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ళ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి చేయబడింది. 75 నుంచి 150 సి.సి. వాహనానికి దీని ప్రీమియం 2022 రేట్ల ప్రకారం రూ.3,851. షోరూములో ఇచ్చే పత్రంపై ఐదేళ్ళ గడువు చూసి, అన్ని రక్షణలూ ఐదేళ్ళ పాటు ఉంటాయని యజమానులు భావిస్తున్నారు. సొంత వాహన నష్టానికి సంబంధించిన భాగం సాధారణంగా మొదటి ఏడాదితోనే ముగుస్తుంది. రెండవ ఏట బండి దొంగతనానికి గురైతే ఆ పత్రం పనికిరాదు. ఏటేటా సొంత నష్టం పాలసీని విడిగా పునరుద్ధరించుకొనే అవకాశం 2019 సెప్టెంబరు నుంచి కలదు. పత్రంలో థర్డ్ పార్టీ, సొంత నష్టం, వ్యక్తిగత ప్రమాదం అనే మూడు భాగాల గడువు తేదీలను వేర్వేరుగా పరిశీలించుకోవాలి.

వినియోగాన్ని బట్టి ఎంపిక

సొంత నష్టం ప్రీమియం కంపెనీని బట్టి మారుతుంది. కనుక ధరలను పోల్చి చూడవలసింది ఈ భాగంలోనే. వాహనం వినియోగాన్ని బట్టి ఈ కింది విధంగా ఆలోచించవచ్చు.

* కొత్త వాహనం, రుణంపై కొన్న వాహనం : సమగ్ర పాలసీ అవసరం. మరమ్మతుల్లో ప్లాస్టిక్, రబ్బరు భాగాలు, టైర్లు, బ్యాటరీ ధరలో 50 శాతం తరుగుదల కింద మినహాయిస్తారు. 'జీరో డిప్రిసియేషన్' అదనపు రక్షణ ఈ మినహాయింపును చాలా వరకు తొలగిస్తుంది.

* కుటుంబంతో తరచు ప్రయాణించే వారు : వాహనం పాతదైనా సమగ్ర పాలసీని పరిశీలించడం మేలు. బండి విలువ ఏటా తగ్గి నాలుగు నుంచి ఐదేళ్ళ వయసుకు సగమవుతుంది. అయినా వెనుక కూర్చున్న వారికి రక్షణ ఈ పాలసీ ద్వారానే లభిస్తుంది.

* ఊరికీ పొలానికీ మధ్య మాత్రమే తిరిగే పాత బండి : థర్డ్ పార్టీ పాలసీకి రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా జోడించుకోవాలి. దీనికి తోడు 18 నుంచి 70 ఏళ్ళ లోపు కుటుంబ సభ్యులందరూ బ్యాంకు ఖాతా ద్వారా ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరవచ్చు. ఏడాదికి రూ.20 ప్రీమియంతో ప్రమాద మరణానికి రూ.2 లక్షలు అందజేసే ఈ పథకం నడిపేవారికీ, వెనుక కూర్చునేవారికీ ఒకే విధంగా వర్తిస్తుంది.

* వ్యాపారానికి, డెలివరీకి వాడే బండి : సాధారణ ద్విచక్ర వాహన పాలసీ అద్దెకు లేదా ప్రతిఫలానికి తిప్పడాన్ని, వ్యక్తిగత సామాను, నమూనాలు మినహా సరుకు రవాణాను అనుమతించదు. క్యాన్లతో పాలు సేకరించే వ్యాపారి, మూటలతో ఊరూరా చీరలు అమ్మే వ్యాపారి, పార్సిళ్ళు చేరవేసే యువకుడు తమ వినియోగాన్ని ముందుగానే కంపెనీకి వ్రాతపూర్వకంగా తెలిపి తగిన పాలసీ తీసుకోవాలి.

కరవు సీమకూ వరద ముప్పు

వర్షాభావ ప్రాంతం కనుక వరద రక్షణ అనవసరమని భావించరాదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు నగరాన్ని ముంచెత్తాయి. 2021 నవంబరు 19న చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట ప్రాంతపు పల్లెలను వరద తుడిచిపెట్టింది. వరద, అగ్ని ప్రమాదం, దొంగతనం వల్ల కలిగే నష్టానికి సొంత నష్టం పాలసీ వర్తిస్తుంది. అయితే నీట మునిగిన బండిని స్టార్టు చేయడం వల్ల ఇంజను చెడిపోతే, ఇంజను రక్షణ విడిగా తీసుకోని వారికి పరిహారం తిరస్కరించబడవచ్చు. అటువంటి బండిని నెట్టుకుంటూ మెకానిక్ వద్దకు చేర్చడమే క్షేమం.

గడువు, బదిలీ, క్లెయిము

క్లెయిము లేని ఏడాదికి సొంత నష్టం ప్రీమియంపై 20 శాతంతో మొదలై ఐదేళ్ళకు 50 శాతానికి చేరే రాయితీ ఉంది. గడువు ముగిసిన 90 రోజుల లోపు పునరుద్ధరించకపోతే ఈ రాయితీ పోతుంది. పాత బండి కొన్నవారు 14 రోజుల లోపు పాలసీని తమ పేరుకు మార్చమని కంపెనీని కోరాలి. లైసెన్సు లేకుండా గాని, మద్యం సేవించి గాని నడిపిన సందర్భాలలో సొంత నష్టం, వ్యక్తిగత ప్రమాద క్లెయిములు తిరస్కరణకు గురవుతాయి. మైనరుకు బండి ఇస్తే 199ఎ సెక్షన్ కింద తల్లిదండ్రులకు లేదా యజమానికి రూ.25,000 జరిమానా, మూడేళ్ళ వరకు జైలు శిక్ష ఉన్నాయి.

ప్రమాదం జరిగిన వెంటనే పోలీసులకు, బీమా కంపెనీకి తెలియజేయాలి. ఢీకొన్న వాహనం ఆచూకీ తెలియకపోయినా, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న పథకం కింద మరణానికి రూ.2 లక్షలు, తీవ్ర గాయాలకు రూ.50,000 పరిహారం కలదు. ట్రిబ్యునల్‌లో దరఖాస్తుకు అదే తేదీ నుంచి ఆరు నెలల గడువు చట్టంలో చేర్చబడినందున జాప్యం తగదు. ప్రమాదం బెంగళూరు వద్ద జరిగినా, బాధిత కుటుంబం తాము నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చు.

క్లెయిము తిరస్కరణపై మొదట కంపెనీకి ఫిర్యాదు చేయాలి. నెల రోజులలో జవాబు రాకున్నా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకున్నా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఉచితంగా ఆశ్రయించవచ్చు. బీమా నియంత్రణ సంస్థ టోల్ ఫ్రీ నెంబరు 155255.

హెల్మెట్ ప్రాణం కాపాడుతుంది. బీమా ఆ తరువాత కుటుంబాన్ని ఆదుకుంటుంది. ఒకటి ఉన్నదని రెండవది మానరాదు. రవాణా, పోలీసు శాఖల తనిఖీల్లో పాలసీ ఉన్నదా లేదా అని చూడటంతో పాటు, అందులో ఎవరికి రక్షణ ఉన్నదో వాహనదారునికి ఒక్క మాటలో వివరించగలిగితే, పాత్రికేయులు ఈ సమాచారాన్ని గ్రామస్థాయికి చేర్చగలిగితే, ప్రమాదం జరిగిన రోజున పాలసీ పత్రం చేతపట్టుకొని నిరాశతో వెనుదిరిగే కుటుంబాల సంఖ్య తగ్గుతుంది.