ఎదురీదే చేపకు దారి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల కుటుంబాలకు చేప అంటే ప్రధానంగా చెరువు చేపే. అయినా వానలకు చెరువు నిండి మరవ పారే రోజులలో, కిందికి ఉరికే నీటికి ఎదురుగా చేపలు పైకి ఎగబాకడం మనం చూస్తూనే ఉంటాము. సృష్టికర్త వాటిలో ఉంచిన స్వభావమది. గుడ్లు పెట్టే వేళకు అవి తగిన చోటు వెతుక్కుంటూ ఎదురీదుతాయి. ఆ దారికి అడ్డంగా మనిషి గోడ కడితే ఏమవుతుంది? మన రాష్ట్రంలో ఈ ప్రశ్నకు సమాధానం గోదావరి వద్ద లభిస్తుంది.

బంగాళాఖాతంలో ఇలసగా పిలువబడే చేప, వరద నీరు సముద్రంలో కలిసే కాలంలో గోదావరిలో ప్రవేశించి పులస అనే పేరు పొందుతుంది. మంచినీటిలో గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు కొన్ని నెలలు నదిలో పెరిగి, తిరిగి సముద్రానికి చేరుకుంటాయి. 1852లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టను పూర్తిచేశారు. అది డెల్టాలోని లక్షల కుటుంబాలకు అన్నం పెట్టింది. ఆ మేలును కాదనలేము. కాని అదే గోడ పులసకు అడ్డయింది. పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి పూర్తయిన 175 గేట్ల బ్యారేజీ, పెద్ద వరదలో గేట్లు ఎత్తినప్పుడు మాత్రమే కొంత దారి ఇస్తుంది.

ఇతర దేశాలలో ఇటువంటి చిక్కు సాల్మన్ చేపకు ఎదురైంది. కెనడాలోని ఫ్రేజర్ నదిలో, 1914లో రైలుమార్గ నిర్మాణం వలన కొండ విరిగిపడి హెల్స్ గేట్ వద్ద నది ఇరుకైంది. ప్రవాహ వేగాన్ని సాల్మన్ తట్టుకోలేకపోయింది. 1940వ దశకంలో అక్కడ చేపలకు ప్రత్యేక మార్గాలు కట్టారు. అమెరికాలో కొలంబియా నదిపై నిర్మించిన బోన్‌విల్ డ్యామ్‌కు మొదటినుండే చేపల మెట్లు ఉన్నాయి. ఒక తొట్టి నుండి మరొక తొట్టిలోకి నీరు మెల్లగా దిగుతుంటే, చేప అంచెలంచెలుగా పైకి వెళుతుంది.

అయితే ఒక చేపకు సరిపడిన మెట్లు మరొక చేపకు సరిపడవు. సాల్మన్ నీటినుండి ఎగిరి దూకగలదు. పులసకు ఆ నేర్పు లేదు. గంగానదిపై 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చిన పిదప, ఒకప్పుడు అలహాబాదు దాకా వెళ్ళిన ఇలస ఆ ఎగువ ప్రాంతాలలో అరుదైపోయింది. దానితోపాటు అక్కడి జాలరుల జీవనోపాధి కూడా క్షీణించింది.

ధవళేశ్వరానికి ఎగువన నిర్మిస్తున్న పోలవరం ప్రాజెక్టు స్పిల్‌వేలో చేపల మార్గాన్ని ఏర్పాటు చేశారు. ఇది హర్షణీయం. కాని దిగువనున్న బ్యారేజీని దాటగలిగిన చేపకే ఎగువ మార్గం ఉపయోగపడుతుంది. తల్లిచేప ఎక్కితే చాలదు, పిల్ల క్షేమంగా దిగిరావాలి. గుడ్లతో వచ్చే చేపనంతటినీ ముఖద్వారం వద్దనే వలవేసి పట్టితే ఏ మెట్లూ దానిని కాపాడలేవు.

బోన్‌విల్ వద్ద మెట్లు ఎక్కే చేపలను 1938 నుండి లెక్కిస్తున్నారు. గోదావరిపైనా ఆ పని జరగాలి. దారి కట్టామని చెప్పడం సులభం. ఎన్ని చేపలు దాటాయో చెప్పగలిగిన నాడే ఆ దారి నిజమైనదని తెలుస్తుంది.