కొండకు తీగ వేస్తే చాలదు.. నిలబెట్టేవారు కావాలి

ఫైబర్‌ బ్రాడ్‌బ్యాండ్‌లో కంపెనీల పోటీ అంతా నగరాల్లోనే. పాచిపెంట లాంటి ఏజెన్సీ మండలాల్లో అసలు సవాలు కేబుల్‌ వేయడం కాదు, వేసినదాన్ని ఏళ్ల తరబడి పనిచేయించడం. ఐటీఐ, పాలిటెక్నిక్‌, బీటెక్‌ విద్యార్థులు దృష్టి పెట్టాల్సిందీ ఇక్కడే!

విశాఖలో ఓ అపార్ట్‌మెంట్‌కు నెట్‌ కావాలంటే నాలుగు కంపెనీలవాళ్లు వచ్చి తలుపు తడతారు. ఇన్‌స్టలేషన్‌ ఫ్రీ, రూటర్‌ ఫ్రీ, మొదటి నెల బిల్లులో తగ్గింపు.. ఇలా ఒకరిని మించి ఒకరు ఆఫర్లిస్తారు. పార్వతీపురం మన్యం జిల్లా పాచిపెంట మండలానికి వస్తే సీన్‌ మారిపోతుంది. సాలూరు నుంచి ఒడిశాలోని కోరాపుట్‌కు వెళ్లే జాతీయ రహదారి ఈ మండలం మీదుగానే పోతుంది. ఆ రోడ్డు పక్క ఊళ్లది ఒక లెక్క, కొండల మీది గిరిశిఖర గ్రామాలది ఇంకో లెక్క. రోగిని డోలీలో మోసుకురావాల్సిన దారిలో కేబుల్‌ డ్రమ్ము పైకి వెళ్లాలన్నా మనిషి భుజమే దిక్కు.

ఇది వినోదానికి సంబంధించిన సమస్య మాత్రమే కాదు. నోటిఫికేషన్‌కు దరఖాస్తు, హాల్‌టికెట్‌, ఆన్‌లైన్‌ మాక్‌ టెస్ట్‌.. అన్నీ నెట్‌లోనే. సిగ్నల్‌ లేని ఊరి విద్యార్థి పరీక్ష రాయకముందే వెనకబడిపోతున్నాడు.

పోటీ ఎందుకు కొండెక్కదు?

జియో ఫైబర్‌ సేవలు 2019 సెప్టెంబరు 5న వాణిజ్యపరంగా మొదలయ్యాయి. మరుసటి ఏడాదే నెలకు రూ.399 ప్లాన్‌ వచ్చింది. ఎయిర్‌టెల్‌ లాంటి పోటీ సంస్థలూ ధరలు దించాయి. వినియోగదారుడికి ఇది లాభమే. కానీ నెల బిల్లు తగ్గేకొద్దీ ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్నచోటే వ్యాపారం గిట్టుబాటవుతుంది.

చిన్న లెక్క చూడండి. పట్టణంలో కిలోమీటరు కేబుల్‌ వేస్తే వంద ఇళ్లు తగిలాయనుకుందాం. కొండ మీద అయిదు కిలోమీటర్లు లాగితే నలభై ఇళ్లు. వాటిలో పది ఇళ్లు నెలకు రూ.400 చొప్పున కట్టినా వచ్చేది రూ.4 వేలు. గాలివానకు చెట్టు విరిగి కేబుల్‌ తెగితే, దాన్ని వెతికి అతికించడానికి ఇద్దరు మనుషులు, బండి, పెట్రోలు, ఒకటి రెండు రోజుల పని. ఒకట్రెండు రిపేర్లకే ఆ నెల రాబడి హరీ! అందుకే ప్రైవేటు కంపెనీలు ఇటువైపు రావడానికి వెనకాడతాయి. ప్రభుత్వ డబ్బు లేకుండా ఈ పని జరగదు.

రెండు ప్రభుత్వ ప్రయత్నాలు

రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్‌ కోవింద్‌ ప్రారంభించారు. నెలకు రూ.149కే ఇంటర్నెట్‌, టీవీ ఛానళ్లు, ఫోన్‌ అన్నది అప్పట్లో సంచలనం. ఖర్చు తగ్గించడానికి భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా కేబుల్‌ లాగారు. ఇంటింటికీ కనెక్షన్‌ ఇచ్చే బాధ్యతను స్థానిక కేబుల్‌ ఆపరేటర్లకు అప్పగించారు. పని వేగంగా అయింది, కానీ స్తంభం మీది తీగకు తుపాను గండం ఎప్పుడూ ఉంటుంది. 2014లో హుద్‌హుద్‌, 2018లో తిత్లీ ఉత్తరాంధ్రలో ఎన్ని స్తంభాలను నేలకూల్చాయో అందరికీ తెలిసిందే. స్తంభం పడితే కరెంటుతోపాటు నెట్‌ కూడా పోయినట్టే.

దేశవ్యాప్తంగా చూస్తే, గ్రామ పంచాయతీలన్నింటికీ ఫైబర్‌ వేసే పథకానికి కేంద్రం 2011లో ఆమోదం తెలిపింది. అదే తర్వాత భారత్‌నెట్‌ అయింది. పంచాయతీ కార్యాలయం దాకా తీగ చేరినా, అక్కడి నుంచి ఇళ్లకు వెళ్లకపోవడం, తెగిన లైన్లు బాగుపడకపోవడం దీన్ని వెంటాడాయి. 2023 ఆగస్టులో రూ.1,39,579 కోట్లతో పథకాన్ని సవరించారు. ఇందులో మీరు గమనించాల్సిన మార్పులు రెండు. కేబుల్‌ను ఒక గీతలా కాకుండా వలయంలా వేయాలి. ఒకచోట తెగితే రెండోవైపు నుంచి డేటా వెళుతుంది. రెండోది, కాంట్రాక్టులోనే పదేళ్ల నిర్వహణను చేర్చారు. అంటే తవ్వకం పూర్తయ్యాక కూడా పని ఉంటుంది!

అనుమతులూ పెద్ద పనే

కొండ ప్రాంతంలో కేబుల్‌ దారి అటవీ భూమి మీదుగా వెళ్తే అనుమతి తప్పనిసరి. అటవీ హక్కుల చట్టం-2006లోని సెక్షన్‌ 3(2) పాఠశాల, అంగన్‌వాడీలతోపాటు టెలికాం లైన్లకూ దారి చూపింది. ఒక్కో పనికి హెక్టారులోపు భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించకుండా కొట్టడం అన్న పరిమితులున్నాయి. గ్రామసభ సిఫార్సు ఉండాలి. కాబట్టి సర్వే మ్యాపు చదవడం వచ్చి, గ్రామసభలో జనానికి అర్థమయ్యేలా చెప్పగలిగేవారికి గిరాకీ ఉంటుంది. స్థానిక గిరిజన భాష తెలిసినవారికి ఇది ప్లస్‌ పాయింట్‌.

ఇంటర్వ్యూలో అడిగే లెక్క

టెక్నీషియన్‌ నుంచి ఇంజినీరు దాకా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: ‘ఈ ఇంటికి సిగ్నల్‌ సరిపోతుందా?’ ఇళ్లకు ఫైబర్‌ ఇవ్వడంలో విరివిగా వాడే జీపాన్‌ టెక్నాలజీలో బీ ప్లస్‌ తరగతి పరికరాలు 28 డెసిబెల్స్‌ వరకు నష్టాన్ని తట్టుకుంటాయి. మండల కేంద్రంలోని ఓఎల్‌టీ నుంచి 12 కిలోమీటర్ల దూరంలో ఇల్లు ఉందనుకోండి.

- కేబుల్‌లో నష్టం: కిలోమీటరుకు 0.35 చొప్పున 4.2
- 32 ఇళ్లకు పంచే స్ప్లిటర్‌: దాదాపు 17.5
- పది అతుకులు: ఒక్కోటి 0.1 చొప్పున 1
- నాలుగు కనెక్టర్లు: ఒక్కోటి 0.5 చొప్పున 2

మొత్తం 24.7. మిగిలింది 3.3 మాత్రమే. కేబుల్‌ తెగినచోట కొత్త ముక్క వేస్తే రెండు అతుకులు పెరుగుతాయి. అతుకు సరిగా పడకపోయినా, కేబుల్‌ ఎక్కడైనా మడతపడినా ఆ కాస్త మార్జిన్‌ కూడా కరిగిపోతుంది. కొండ మీది లైను ఒక్కరోజులో చచ్చిపోదు, నాసిరకం రిపేర్లతో కొద్దికొద్దిగా చస్తుంది. మంచి స్ప్లైసర్‌ విలువ తెలిసేది ఇక్కడే.

ఏ చదువుకు ఏ పని?

ఐటీఐ: ఎలక్ట్రానిక్స్‌ మెకానిక్‌, ఎలక్ట్రీషియన్‌ ట్రేడ్‌లవారు ఆప్టికల్‌ ఫైబర్‌ స్ప్లైసర్‌, టెక్నీషియన్‌ పనులకు ప్రయత్నించవచ్చు. టెలికాం సెక్టార్‌ స్కిల్‌ కౌన్సిల్‌ ఈ విభాగాల్లో సర్టిఫికెట్లు ఇస్తుంది. ఫ్యూజన్‌ స్ప్లైసింగ్‌ మెషీన్‌, కేబుల్‌ ఎక్కడ తెగిందో చెప్పే ఓటీడీఆర్‌ను చేత్తో వాడి నేర్పే కోర్సునే ఎంచుకోండి. వీడియోలు చూస్తే ఈ పని రాదు.

డిప్లొమా, బీటెక్‌ ఈసీఈ: నెట్‌వర్క్‌ ప్లానింగ్‌, నెట్‌వర్క్‌ ఆపరేషన్స్‌ సెంటర్‌లో పర్యవేక్షణ, ఫీల్డ్‌ సూపర్‌విజన్‌. ఐపీ నెట్‌వర్కింగ్‌ బేసిక్స్‌ తప్పక రావాలి. ‘నాట్స్‌’ పోర్టల్‌లో అప్రెంటిస్‌షిప్‌ల కోసం చూడండి.

డిగ్రీ: జీఐఎస్‌ సర్వే, అనుమతుల ఫైళ్లు, కస్టమర్‌ సపోర్ట్‌. సొంతంగా చేయాలనుకుంటే బీఎస్‌ఎన్‌ఎల్‌ ఫైబర్‌ భాగస్వామిగానో, కేబుల్‌ ఆపరేటర్‌గానో మొదలుపెట్టవచ్చు. అయితే పైన చెప్పిన పది ఇళ్ల లెక్క వేసుకున్నాకే అప్పు చేయండి. బడి, ఆస్పత్రి, సచివాలయం లాంటి స్థిరమైన కనెక్షన్లు లేకుండా కొండ ఊళ్లలో గట్టెక్కడం కష్టం.

చేరే ముందు ఇవి అడగండి

ఫీల్డ్‌ ఉద్యోగాల్లో చాలావరకు సబ్‌కాంట్రాక్టర్ల కిందే ఉంటాయి. ప్రభుత్వ సంస్థ పేరు ఉన్నంత మాత్రాన భద్రత ఉన్నట్టు కాదు. 2024 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్‌ 410 మంది ఉద్యోగులను తొలగిస్తున్నట్లు ప్రకటించింది. కాబట్టి నోటిమాట నమ్మకుండా, నియామక పత్రం ఎవరి పేరుతో ఇస్తారు, పీఎఫ్‌, ఈఎస్‌ఐ ఉన్నాయా, పెట్రోలు ఖర్చు ఎవరిది అన్నవి ముందే తేల్చుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం ప్రాణం. ఫైబర్‌లో కరెంటు ఉండదు, కానీ అది వేలాడే స్తంభం మీద ఉంటుంది. విద్యుత్‌ సిబ్బంది నుంచి లైన్‌ క్లియర్‌ లేకుండా, సేఫ్టీ బెల్టు, హెల్మెట్‌ లేకుండా స్తంభం ఎక్కమని ఎవరు చెప్పినా ‘ఎక్కను’ అనండి. వెలుగు కంటికి కనిపించదు కదా అని ఫైబర్‌ కొన వైపు చూడకండి. తెగిన గాజు ముక్కలను డబ్బాలో వేయండి, చేత్తో దులపకండి.

5జీ ఎయిర్‌ఫైబర్‌, ఉపగ్రహ ఇంటర్నెట్‌ వస్తున్నాయి కదా, ఫైబర్‌ నేర్చుకుంటే దండగేమో అన్న సందేహం వద్దు. 5జీ టవర్‌ పూర్తి వేగంతో పనిచేయాలంటే దాని వెనక ఫైబర్‌ ఉంటేనే మేలు. గాలిలో వెళ్లే సిగ్నల్‌ కూడా చివరికి ఏదో ఒకచోట తీగనే పట్టుకోవాలి. ఆ తీగ తెగినప్పుడు వర్షంలో నడిచి వెళ్లి అతికించగలిగే మనిషి దగ్గర్లో ఉంటే ఊరికి నెట్‌ ఉంటుంది. ఆ మనిషి ఆ ఊరివాడే అయితే మరీ మంచిది.