పందిరిని చూసి ఇల్లు సర్దుకోవద్దు

ఇంటీరియర్ ఎగ్జిబిషన్లు: అపోహలు – వాస్తవాలు

“మేముండేది ట్రాఫిక్‌లో” అని ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు అంటే, ఊరు ఎరగనివాళ్లు పాపం రోజూ బళ్ల రద్దీలో ఎలా నెట్టుకొస్తున్నారో అనుకుంటారు. అది రైల్వే కాలనీ పేరని తెలిశాక నవ్వుకుంటారు. పేరు వినగానే మనసులో మెదిలే బొమ్మ ఒకటి, వెళ్లి చూస్తే ఉండేది ఇంకొకటి. ఇంటీరియర్ ఎగ్జిబిషన్ల సంగతీ అంతే. కోల్‌కతాలో ఈఎం బైపాస్ పక్కనున్న విశ్వ బంగ్లా మేళా ప్రాంగణంలోనో, హైదరాబాద్ హైటెక్స్‌లోనో ఇళ్ల అలంకరణ సామగ్రి ప్రదర్శన ఉందనగానే కొందరు అది మనలాంటివాళ్లకు కాదని మానుకుంటారు, కొందరు అదేదో పెద్ద బజారనుకుని డబ్బు జేబులో పెట్టుకుని బయల్దేరతారు. రెండూ పొరపాటే. ఎగ్జిబిషన్ అన్నది తనిఖీ చేసే చోటు. తనిఖీ అంటే ఏమిటో రైల్వే ఊరికి ఒకరు నేర్పనక్కర్లేదు. బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. ఇరుసు మీది రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య ఎడం 1600 మిల్లీమీటర్లు. వర్క్‌షాపులో చక్రం ఎంత నున్నగా మెరిసినా గేజి పెట్టి చూడకుండా ఎవరూ దాన్ని పాస్ చేయరు. ఆ అలవాటునే ఇంటి సామానుకూ వర్తింపజేస్తే ఎగ్జిబిషన్ వల్ల లాభం ఉంటుంది. దాన్ని ఇంట్లో వదిలేసి వెళ్తే నష్టమే ఉంటుంది. కింది అయిదు అపోహల మూలం కూడా ఇక్కడే ఉంది.

అపోహ 1: అవి ఆర్కిటెక్టులకు, డబ్బున్నవాళ్లకు. క్వార్టర్‌లో ఉండేవాళ్లకు అక్కడేం పని?

వాస్తవం: ప్రదర్శనల చరిత్ర చూస్తే ఈ మాట నిలవదు. 1851లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన మహా ప్రదర్శనలో మొదట్లో ప్రవేశ రుసుము ఎక్కువగా ఉండేది. కొన్ని వారాలకే వారంలో కొన్ని రోజులు ఒక్క షిల్లింగుకే లోపలికి పంపడం మొదలుపెట్టారు. థామస్ కుక్ లాంటివాళ్లు ప్రత్యేక రైళ్లు వేసి పల్లెల నుంచి, మిల్లు ఊళ్ల నుంచి జనాన్ని తీసుకొచ్చారు. సామాన్యుడిని ప్రదర్శనకు చేర్చింది రైలే. 1961లో మొదలై ఇవాళ ఫర్నిచర్ లోకానికి పెద్ద పండగలా సాగుతున్న మిలాన్ సలోనే కూడా వ్యాపారుల కోసమే అయినా, వారాంతంలో మామూలు జనానికి తలుపులు తెరుస్తుంది. మన దగ్గరా చాలా ప్రదర్శనలు వ్యాపారులకు కొన్ని గంటలు, జనానికి కొన్ని గంటలు కేటాయిస్తాయి. ముందుగా పేరు నమోదు చేసుకోమంటాయి. ఆ వేళలు కనుక్కోకుండా వెళ్తే మాత్రం గేటు దగ్గరే నిలబడాల్సి వస్తుంది. చిన్న కొనుగోలుదారును స్టాల్ వాళ్లు పట్టించుకోరన్న అభ్యంతరంలో కొంత నిజముంది. డీలర్ల కోసం చూస్తున్న మనిషి ఒక్క అలమార కొనేవాడితో అరగంట గడపడు. అయితే ఆ ఒక్కడే చేతిలో గది కొలతల కాగితం పట్టుకుని, పక్కన తన మిస్త్రీని నిలబెట్టుకుని అడిగితే మాట తీరు మారుతుంది. ఆ ప్రదర్శన నిజానికి మిస్త్రీదే. కొత్త హింజీ ఎలా బిగుస్తుందో, పలక అంచు ఎలా కోయాలో చూపించేది అతని కోసమే. అతన్ని వదిలేసి ఇంటిల్లిపాదీ వెళ్లడం, పెళ్లికొడుకు లేకుండా పెళ్లికి తరలినట్టుంటుంది.

అపోహ 2: ఎంత ఎక్కువ తిరిగితే అంత లాభం. ఒక్క స్టాలూ వదలకూడదు.

వాస్తవం: లెక్క కట్టి చూడండి. 300 స్టాళ్లున్న ప్రదర్శనలో ఒక్కోచోట 3 నిమిషాలు నిలబడినా 15 గంటలు కావాలి. మామూలుగా అతి చిన్న స్టాల్ ముఖమే 3 మీటర్లు ఉంటుంది కాబట్టి, వాటి ముందు నుంచి నడిస్తేనే 900 మీటర్లు. అంటే ఒకనాడు ప్రపంచంలోనే పొడవైనదిగా పేరు మోసిన మన 1072 మీటర్ల ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారాన్ని, అడుగడుక్కీ ఎవరో ఒకరు చెయ్యి పట్టి ఆపుతుండగా, దాదాపు ఈ చివరి నుంచి ఆ చివరికి నడవడమన్నమాట. హౌరాకు సుమారు 115 కిలోమీటర్లు లోకల్‌లో వెళ్లి, అక్కడి నుంచి బైపాస్ చేరి, సాయంత్రం మళ్లీ లోకల్ అందుకోవాలనుకునేవాళ్లకు లోపల దక్కేది నాలుగైదు గంటలే. అందుకని తిరుగుడు రెండు విడతలుగా ఉండాలి. మొదటి విడతలో ఎక్కడా ఆగకుండా చూసుకుంటూ వెళ్లి, మనకు పనికొచ్చేవి పది గుర్తుపెట్టుకోవాలి. ఏదైనా తిన్నాక ఆ పదింటికే మళ్లీ వెళ్లి తీరిగ్గా అడగాలి. కేటలాగుల సంచి బరువెక్కితే ఏదో సాధించినట్టనిపిస్తుంది. కానీ ఏ పుస్తకం ఏ ప్రశ్నకు జవాబో రాసుకోకపోతే అది పాత పేపర్ల కట్టలో చేరుతుంది. ఇంటి దగ్గరే ఒక కాగితం సిద్ధం చేసుకోవడం మేలు. గది పొడవు వెడల్పులు, పైకప్పు ఎత్తు, కిటికీ ఏ దిక్కున ఉంది, తలుపు ఎంత వెడల్పు, ప్లగ్గులు ఎక్కడున్నాయి అన్నీ అందులో ఉండాలి. తలుపు వెడల్పు ఎందుకంటే, షోరూములో ముచ్చటపడ్డ సోఫా గుమ్మంలో ఇరుక్కుంటే దాన్ని కోసి లోపలికి తేలేం.

అపోహ 3: స్టాల్‌లో ఎలా ఉందో మన ఇంట్లోనూ అలాగే ఉంటుంది.

వాస్తవం: బెంగాల్లో దసరాకు వెదురు, గుడ్డతో రాజమహళ్లను తలదన్నే పందిళ్లు లేస్తాయి. అందులో కాపురం పెడదామని ఎవరూ అనుకోరు, నాలుగు రోజుల్లో విప్పేస్తారని అందరికీ తెలుసు. ఎగ్జిబిషన్ స్టాల్ కూడా పందిరే. ఆ గోడకు చెమ్మ పట్టదు, ఆ నేల మీద ఎవరూ తడి గుడ్డ వేయరు, ఆ వంటగదిలో పోపు చిటపటలాడదు. అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది వెలుతురు. పైనుంచి గురిపెట్టిన స్పాట్‌లైట్ కింద వాల్‌నట్ రంగు లామినేట్ తేనెలా మెరుస్తుంది. అదే ముక్క 3000 కెల్విన్ పసుపు బల్బు కింద ఒకలా, మన ఇళ్లలో ఎక్కువగా వాడే 6500 కెల్విన్ తెల్ల ట్యూబు కింద మరోలా, ఉత్తరపు కిటికీ వెలుగులో ఇంకోలా కనిపిస్తుంది. రంగులను ఎంత నిజాయితీగా చూపిస్తుందో చెప్పే సీఆర్ఐ అనే అంకె ప్రతి దీపానికీ ఉంటుంది. సూర్యకాంతికి 100 అనుకుంటే, మంచి ఇంటి దీపానికి 80కి తగ్గకూడదు, 90 దాటితే ఇంకా మేలు. కాబట్టి నమూనా ముక్కను హాలు బయట ఎండలోకి తెచ్చి చూడాలి, వీలైతే ఇంటికి తీసుకెళ్లి రాత్రి ట్యూబులైటు కింద కూడా చూడాలి. నమూనా ఇవ్వని స్టాల్ దగ్గర రంగు నిర్ణయించుకోకపోవడమే మంచిది. రైల్వే క్వార్టర్ల విషయంలో ఇంకో చిక్కుంది. కట్టడం మార్చాలంటే అనుమతి కావాలి, బదిలీ అయినా పదవీ విరమణ అయినా ఖాళీ చేయాలి. గోడకు శాశ్వతంగా బిగించే మాడ్యులర్ అలమార అద్భుతంగా ఉండవచ్చు. విప్పి ఊళ్లోనే మలంచలో కట్టుకున్న సొంతింటికో, శ్రీకాకుళంలో ఎదురుచూస్తున్న పెద్దల ఇంటికో తీసుకుపోగలమా అన్నదే ఇక్కడ అడగాల్సిన ప్రశ్న. ఎన్నిసార్లు విప్పి బిగిస్తే మర రంధ్రాలు వదులవుతాయో స్టాల్ మనిషిని సూటిగా అడగండి.

అపోహ 4: గాజు తొట్టిలో ముంచి పెట్టారు, ఉబ్బలేదు. అంటే వాటర్‌ప్రూఫే.

వాస్తవం: ప్లైవుడ్ స్టాళ్లలో ఈ చేపల తొట్టి దృశ్యం మామూలే. ఫొటోకు బాగుంటుంది కానీ పరీక్షగా అది చాలదు. చన్నీళ్లలో కొన్నాళ్లు నిలవడం చాలా రకాల పలకలకు పెద్ద కష్టం కాదు. మెరైన్ ప్లైవుడ్ కోసం మన దేశ ప్రమాణం ఐఎస్ 710 అడిగేది వేరు. దాని ప్రకారం ముక్కను 72 గంటలు మరిగే నీళ్లలో ఉడికించినా పొరలు విడిపోకూడదు. మామూలు ప్లైవుడ్ ప్రమాణమైన ఐఎస్ 303లో ఎంఆర్, బీడబ్ల్యూఆర్ అని రెండు తరగతులున్నాయి. బీడబ్ల్యూఆర్ అంటే మరిగే నీటికి తట్టుకునేది. ఎంఆర్ అంటే చెమ్మను కొంత తట్టుకునేది మాత్రమే, సింకు కింద పెట్టేది కాదు. తేడా అంతా జిగురులో ఉంటుంది. ఎంఆర్‌లో సాధారణంగా యూరియా జిగురు వాడతారు, ఉడికించినా ఊడనిదానికి ఫినాలిక్ జిగురు కావాలి. పలక అంచును దగ్గరగా చూస్తే పొరల మధ్య ఫినాలిక్ గీత ముదురు గోధుమ రంగులో కనిపిస్తుంది. రంగు కలిపి భ్రమ పుట్టించే వీలుంది కాబట్టి ఆ ఒక్క గుర్తును నమ్ముకోకూడదు. ఐఎస్ఐ గుర్తు పైన ప్రమాణం సంఖ్య, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే అది ఎవరి పేరున ఉందో, ఇంకా చెల్లుతోందో తెలుస్తుంది. జేబులో వెర్నియర్ కాలిపర్ ఉంటే ఇంకా మంచిది. 19 మిల్లీమీటర్లని చెప్పిన పలక 17 చూపిస్తే మిగతా మాటలను ఎంతవరకు నమ్మాలో అప్పుడే తేలిపోతుంది. ఇంత చాదస్తం ఎందుకని అడగవచ్చు. వానాకాలంలో గాలే తడిగుడ్డలా ఉండే ఊరు మనది, అందులోనూ చెదల బెడద ఒకటి. పార్టికల్ బోర్డు అంచు పట్టీ ఒక్కచోట ఊడితే చాలు, అక్కడి నుంచి నీరు తాగి మినప్పప్పులా ఉబ్బుతుంది. చెదలకు మందు పట్టించిన పలకా కాదా అన్నది వేరే ప్రశ్న. నీటికి తట్టుకుంటుందంటే చెదలకూ తట్టుకుంటుందని అర్థం కాదు.

అపోహ 5: ఎగ్జిబిషన్ ధర ఇంకెక్కడా రాదు. ఇవాళ బుక్ చేయకపోతే పోయినట్టే.

వాస్తవం: చూసి రమ్మంటే కాల్చి వచ్చాడని హనుమంతుడి గురించి అంటారు. ఎగ్జిబిషన్లకు వెళ్లేవాళ్లలో చూసి రావడానికి వెళ్లి అడ్వాన్సు కట్టి వచ్చేవాళ్లు తక్కువేం కాదు. 1851 ప్రదర్శనలో వస్తువుల మీద ధర చీటీలు పెట్టనివ్వలేదు. పోల్చుకోవడానికి తెచ్చినవాటిని కొనుగోలు తొందర పాడుచేయకూడదన్న ఆలోచనకు ఇప్పటికీ విలువ ఉంది. ప్రదర్శనలో తగ్గింపు అబద్ధమని కాదు. ఆఖరి రోజున, ప్రదర్శనకు పెట్టిన సోఫానో బల్లనో తిరిగి లారీకెక్కించే ఖర్చు తప్పించుకోవడానికి నిజంగానే తగ్గించి ఇస్తారు. ఆ వస్తువు మీ కొలతకు సరిపోతే, గీతలు లేకపోతే తీసుకోండి. అయితే దాని ధరకు జీఎస్టీ, ఖరగ్‌పూర్ దాకా రవాణా, మెట్లెక్కించే కూలీ, బిగింపు కలిపి చూడాలి. కోల్‌కతాలో చౌకైనది ఖరగ్‌పూర్ చేరేసరికి ఊళ్లోని గోల్‌బజార్ ధరను దాటిపోవడం వింత కాదు. ప్రదర్శన ముగిశాక ఆ స్టాల్ ఉండదు, ఆ పందిరీ ఉండదు. ఏదైనా తేడా వస్తే చేతిలో మిగిలేది బిల్లు ఒక్కటే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవారు తాము నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు, అమ్మినవాడి ఊరికి తిరగనక్కర్లేదు. ఆ హక్కు పనిచేయాలంటే బిల్లులో సంస్థ పూర్తి చిరునామా, వస్తువు రకం, ప్రమాణం సంఖ్య, ఇచ్చే తేదీ ఉండాలి. విజిటింగ్ కార్డు వెనక రాసిచ్చిన అంకె బిల్లు కాదు.

ఇంత జాగ్రత్త పడే బదులు ఇంట్లో కూర్చుని ఫోనులోనే అన్నీ చూడవచ్చు కదా అన్నది ఇక మిగిలిన అభ్యంతరం. ఫోను రంగు చూపిస్తుంది, ధర చెబుతుంది. సొరుగు లాగినప్పుడు చానెల్ కరకరమంటుందో లేదో మాత్రం చెప్పదు. కొత్త పార్టికల్ బోర్డు అలమార తలుపు తెరిస్తే కళ్లు మండించే ఫార్మాల్డిహైడ్ వాసన ఫోనులో రాదు. అది ఎక్కువగా ఉన్నచోట, ఆ ఆవిరి తక్కువగా వదిలే ఈ1 తరగతా కాదా అని అడగాల్సిన అవసరం ముక్కుకే తెలుస్తుంది. వేర్వేరు కంపెనీల హింజీలు పక్కపక్కనే తెరిచి మూసి చూసే వీలు ఇంకెక్కడా దొరకదు. అక్కడ అడగాల్సింది ఎన్ని వేల సార్లు తెరిచి మూసి పరీక్షించారని. వంటగదిలో ఒక తలుపును రోజుకు 20 సార్లు తెరిస్తే ఏడాదికి 7,300 సార్లు. 50 వేల సార్లకు హామీ ఇచ్చే హింజీ ఏడేళ్లకు కాస్త తక్కువ వస్తుందని అక్కడే లెక్క తేలిపోతుంది. ఏడేళ్లలో క్వార్టర్ ఖాళీ చేసేవారికి అది చాలు, సొంతిల్లు కట్టుకునేవారికి చాలదు. ఒకే వస్తువు ఒకరికి తెలివైన ఎంపిక, ఇంకొకరికి వృథా ఖర్చు. ఆ తేడా చెప్పేది కంపెనీ పేరు కాదు, మన కాగితం మీది కొలత.

కనుక ఎగ్జిబిషన్ లాభాన్ని కొన్న వస్తువులతో కొలవడం సరికాదు. మర్నాడు గోల్‌బజార్ దుకాణానికి వెళ్లినప్పుడు ఆ లాభం బయటపడుతుంది. మొన్నటిదాకా “మంచి ప్లై చూపించండి” అని అడిగిన మనిషి, ఇప్పుడు “ఐఎస్ 710, 19 మిల్లీమీటర్లు, లైసెన్సు సంఖ్య కనబడేలా చూపించండి” అంటారు. దుకాణదారు లోపలికి వెళ్లి తెచ్చే పలక వేరేగా ఉంటుంది.