పని స్థలములో ఆరోగ్య పాఠాలు – ఖర్చు తగ్గునా?

అమెరికాలో ఉద్యోగుల వైద్య ఖర్చులో పెద్ద భాగం యజమానులే భరిస్తారు. స్థూలకాయం వలన షుగరు, రక్తపోటు, గుండెజబ్బులు పెరిగేకొద్దీ ఆ ఖర్చూ పెరుగుతుంది. అందుచేత అనేక కంపెనీలు పని స్థలంలోనే ఆహారం, వ్యాయామం గూర్చి తరగతులు పెట్టాయి.

ఇందువలన లాభమెంత? 2010లో హార్వర్డు పండితులు పాత పరిశోధనలను కూర్చి చూచి, పెట్టిన ప్రతి డాలరుకు వైద్య ఖర్చు సుమారు 3.27 డాలర్లు తగ్గునని వ్రాశారు. అయితే ఇట్టి తరగతులకు తమంతట తామే వచ్చేవారు తరచు ముందునుండే ఆరోగ్యంపై శ్రద్ధగలవారు. వారిని రానివారితో పోల్చితే లెక్క తప్పవచ్చు.

కాబట్టి ఆ పండితులలో ఇద్దరు, జిరుయి సాంగ్, క్యాథరిన్ బెయికర్, బీజేస్ అను దుకాణాల సంస్థలో 160 శాఖలు తీసికొని, చీట్లు వేసినట్లు 20 శాఖలకు మాత్రమే కార్యక్రమం ఇచ్చి పరిశీలించారు. ఫలితం 2019లో వెల్లడైంది. 18 నెలల తరువాత ఆ 20 శాఖలవారిలో వ్యాయామం చేస్తున్నామని, బరువు చూచుకొంటున్నామని చెప్పినవారు ఎక్కువే. కాని బరువులో, రక్తపోటులో, వైద్య ఖర్చులో, సెలవులలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు.

అంతమాత్రాన ఇవి వ్యర్థమని మేము చెప్పము. మంచి అలవాటు మొదలగుట మేలే. అయితే ఏడాదిన్నరలో డబ్బు మిగులునని యజమాని ఆశించరాదు. బరువు తగ్గలేదని పనివానిని నిందించరాదు. రోజంతా కుర్చీలో కూర్చుండబెట్టి, క్యాంటీనులో బజ్జీలు, తీపి టీ పెట్టి, నెలకొక ఉపన్యాసమిస్తే ఏమి ప్రయోజనం?

పట్నంలో ఉద్యోగం చేసే మన బిడ్డలు పండుగకు ఇంటికి వచ్చినప్పుడు, లావయ్యారని ఎగతాళి చేయక, వారి పనివేళలు, తిండి, నిద్ర ఎలాగున్నవో ప్రేమతో అడుగుదము.