నీటిరంగులలో కట్టడాల చిత్రణ: రస్కిన్ ‘కా దోరో’ చిత్రం - ఒక పరిశీలన

కట్టడం స్థిరమైనది, నిర్దిష్టమైన కొలతలు కలది. నీటిరంగు పలుచనిది, ఆరేలోపు అదుపు తప్పే స్వభావం కలది. ఈ రెండింటి కలయికతో రూపొందిన చిత్రాన్ని చారిత్రకాధారంగా ఎంతవరకు స్వీకరించవచ్చు? ఆంగ్ల కళావిమర్శకుడు జాన్ రస్కిన్ (1819-1900) వెనిస్‌లో చిత్రించిన ఒక భవనం ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి తోడ్పడుతుంది.

మొదట మాధ్యమ లక్షణాన్ని గమనించాలి. పారదర్శకమైన నీటిరంగులలో తెలుపు ప్రత్యేకమైన రంగు కాదు. కాగితపు తెలుపే వెలుగు. ఎండ పడిన గోడను చిత్రకారుడు వేయడు, వదలివేస్తాడు. కిటికీ లోతు, చూరు కింది చీకటి, స్తంభపు గుండ్రదనం నీడల పూతలతోనే వ్యక్తమవుతాయి. తడి కాగితంపై రంగు వేస్తే అంచులు కలిసిపోతాయి. ఆరిన పూతపై వేస్తే అంచు స్పష్టంగా నిలుస్తుంది. పాకుడు పట్టిన గోడకు మొదటి పద్ధతి, చెక్కిన రాతి మూలకు రెండవది తగినవి. వేసిన పూతను పూర్తిగా చెరపడం కష్టం కనుక ఏది చూపాలో, ఏది విడువాలో ముందే నిర్ణయించుకోవాలి.

1845లో రస్కిన్ వెనిస్‌కు వెళ్లినప్పుడు గ్రాండ్ కెనాల్ ఒడ్డున ఉన్న 15వ శతాబ్దపు గోథిక్ భవనం ‘కా దోరో’ మరమ్మతుల పేరిట రూపు మారుతూ ఉంది. పనివారు రాళ్లను కూలగొడుతూండగానే తాను దానిని చిత్రిస్తున్నానని ఆయన తండ్రికి లేఖ రాశాడు. ఆ చిత్రం అసంపూర్ణంగా మిగిలిపోయింది. పునరుద్ధరణ పేరిట జరిగేది విధ్వంసమేనన్న వాదాన్ని ఆయన 1849లో ‘ది సెవెన్ లాంప్స్ ఆఫ్ ఆర్కిటెక్చర్’లో ప్రతిపాదించాడు.

అదే యాత్రలో రస్కిన్ వెనిస్ భవనాల డాగెరోటైప్ ఛాయాచిత్రాలను కూడా సేకరించాడు. శిల్పవివరాలను అవి తప్పులేకుండా చూపాయి. పాలరాతి రంగును చూపలేకపోయాయి. వర్ణచిత్రం ఆ రంగును నిలిపింది కాని, ఏ వివరం ముఖ్యమన్నది చిత్రకారుని ఎంపికకే వదిలింది. కాబట్టి ఒకటి మరొకదానికి ప్రత్యామ్నాయం కాదు.

నీటిరంగులకే కాక, ఛాయాచిత్రానికి ముందటి కట్టడాల చిత్రాలన్నింటికీ ఈ వివేచన వర్తిస్తుంది. తెలుగునాట అమరావతి స్తూప శిల్పాలను 1816-17లో కాలిన్ మెకంజీ బృందం చిత్రించింది. వాటిలో కొన్ని శిల్పాలు తరువాత కనుమరుగైనందున ఆ చిత్రాలే వాటికి మిగిలిన సాక్ష్యం. అటువంటి చిత్రాన్ని పరిశీలించే పరిశోధకుడు గీసిన భాగంతో పాటు ఖాళీగా వదలిన భాగాన్ని కూడా ప్రశ్నించాలి. ఆ ఖాళీ కట్టడంపై పడిన వెలుగా, అప్పటికే శిథిలమైన భాగమా, చిత్రకారుడు పూర్తిచేయని పనా అన్నది తేల్చిన తరువాతనే చిత్రం ఆధారమవుతుంది.